రౌటరు నిజం, తీగ అబద్ధం

డైనమిప్స్ అనే ప్రోగ్రాములో సిస్కో 7200 రౌటర్‌ని లేపి ‘షో వెర్షన్’ అని కొడితే తెరనిండా వివరాలు దిగుతాయి. వాటి మధ్య ఒక లైనుంటుంది: ప్రాసెసర్ బోర్డ్ ఐడీ 4279256517. తెనాలి బోస్ రోడ్డులో మేడమీద గదిలో కొట్టినా అదే నంబరు, టొరంటోలో కొట్టినా అదే నంబరు. పెట్టె పెట్టెకీ మారాల్సిన నంబరు ఇక్కడ ఊరూరా ఒకటే. దాని కిందనే ఇంకో మాట, ఆర్7000 సీపీయూ, 150 మెగాహెర్ట్జ్ అని. రేపల్లె కుర్రాడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఆర్7000 చిప్పు ఎక్కడిది? ఉన్నది ఇంటెల్ ఐ5. అయినా రౌటర్ ఆపరేటింగ్ సిస్టమ్ తడుముకోకుండా ఆ మాటే రాస్తుంది. అది అబద్ధం చెప్పడం లేదు. తనకి కనపడిందే చెబుతోంది.

నెట్‌వర్క్ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రౌటర్ అంటే మనింట్లో లైట్లు మిణుకుమిణుకుమనే వైఫై డబ్బా ఒక్కటే కాదు. టెలిఫోన్ కంపెనీల్లో, బ్యాంకుల్లో, డేటా సెంటర్లలో ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో తేల్చేవి పెద్ద పెద్ద రౌటర్లు. వాటికీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. సిస్కోవాళ్లది ఐఓఎస్, జునిపర్‌ది జూనోస్, లాట్వియా దేశపు మైక్రోటిక్‌ది రౌటర్‌ఓఎస్. ఆ సిస్టమ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి ఇస్తారు. దాన్నే ఇమేజ్ అంటారు. పాత 7200కి వచ్చే 12.4 ఇమేజ్ 50 ఎంబీ అటూఇటూగా ఉండేది. ఒక సినిమా పాటల ఆల్బమంత. ఆ ఫైలుని దాని ఇనప్పెట్టెలో కాకుండా మన కంప్యూటర్లో నడిపించి, అలాంటివి నాలుగైదింటిని కలిపి, ఒక నెట్‌వర్క్ మొత్తాన్ని తెరమీదే కట్టుకోవడాన్ని వర్చువల్ ల్యాబ్ అంటున్నాం.

దీన్ని సాధ్యం చేసినవాడు క్రిస్టోఫ్ ఫియో అనే ఫ్రెంచివాడు. కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 2005లో డైనమిప్స్ రాయడం మొదలుపెట్టాడు. 7200 లోపలి మిప్స్ ప్రాసెసర్‌ని, దాని మెమరీని, పోర్టుల కార్డుల్ని, సీరియల్ కన్సోల్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించాడు. ఐఓఎస్ జోలికి మాత్రం పోలేదు. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఆ అనుకరణ పెట్టెలో వదిలాడు. తర్వాత జెరెమీ గ్రోస్‌మాన్ దానికి బొమ్మల తొడుగు తొడిగి జీఎన్ఎస్3 చేశాక, మౌస్ పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ రౌటర్లు లాక్కొచ్చి గీతలు గీయడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి మా ప్రాంతంవాళ్లకి చెప్పేటప్పుడు నేను స్థానం నరసింహారావుగారి పేరెత్తకుండా ఉండలేను. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీ రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా కొన్ని దశాబ్దాలు వేదికని ఏలినాయన. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. చీర కుచ్చెళ్ల దగ్గర్నుంచి కంటికొస దాకా ఆయన స్త్రీ పాత్రని ఎలా పట్టుకునేవాడో మా తాతల తరం కథలుకథలుగా చెప్పుకునేది. డైనమిప్స్ చేసేది ఆ పనే, కాకపోతే ఒక తిరకాసుంది. చాలామంది ల్యాబ్‌లో రౌటర్ వేషం వేసుకుందనుకుంటారు. కాదు. వేషం కట్టింది పెట్టె. ఐఓఎస్ ముందు వరసలో కూర్చున్న ప్రేక్షకుడు. బూట్ అయ్యేటప్పుడు అది ఎన్నో ప్రశ్నలడుగుతుంది: నీ ప్రాసెసర్ ఏంటి, మెమరీ ఎంత, స్లాట్ సున్నాలో ఏ కార్డుంది, ఎన్‌వీర్యామ్‌లో ఏమైనా రాసిపెట్టారా అని. అన్నిటికీ పాత్రోచితంగా జవాబులొస్తే నమ్మేసి, ‘ప్రెస్ రిటర్న్ టు గెట్ స్టార్టెడ్’ అంటూ తన పని తాను చేసుకుపోతుంది.

సిస్కోవాళ్లే తమ అకాడమీ విద్యార్థులకిచ్చే ప్యాకెట్ ట్రేసర్‌కీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అందులో ఐఓఎస్ లేదు. ఐఓఎస్‌లా మాట్లాడే ప్రోగ్రాముంది. సిలబస్‌లో ఉన్నంతవరకు ముద్దుగా జవాబిస్తుంది. కొంచెం లోతుకి పోయి నాలుగు బీజీపీ ఆదేశాలు గట్టివి కొట్టారా, బాణం గుర్తు చూపించి ఇదేదో తప్పు మాట అంటుంది. మొదటి మెట్టు ఎక్కేవాడికి అది చాలు, నేనూ దాంతోనే మొదలుపెట్టిస్తాను. కానీ ఇమేజ్ నడిచే ల్యాబ్‌లో కనపడే బగ్ నిజం బగ్గే. ఆ వెర్షన్ ఐఓఎస్‌లో మెమరీ కారుతుంటే ల్యాబ్‌లోనూ కారుతుంది. ఒక రూట్‌మ్యాప్‌లో చివరి లైను మర్చిపోతే ఎక్కడో కంపెనీలో ఏ ప్యాకెట్లు ఆగిపోతాయో ఇక్కడా అవే ఆగిపోతాయి. కోడ్ విషయంలో అరమరికల్లేవు.

ఈ వేషం ఎంత పక్కాగా ఉంటుందో దాని ఇబ్బందే చెబుతుంది. సొంత పెట్టెలో ఉన్న ఐఓఎస్‌కి పనిలేనప్పుడు ఊరికే పడుకునే అలవాటు లేదు. ఏదైనా ప్యాకెట్ వచ్చిందా అని ఒకే చోట గిరగిరా తిరుగుతూ చూస్తూ ఉంటుంది. ప్రాసెసర్ మొత్తం దానిదే గనక అక్కడ ఎవరికీ నష్టం లేదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క రౌటర్ లేపగానే, అది ఏ పనీ చెయ్యకపోయినా, ఒక కోర్ నూటికి నూరు శాతం నిండిపోతుంది. రెండోది లేపితే ఫ్యాన్ గోల పక్కింటికి వినపడుతుంది. దీనికి ఫియో కనిపెట్టిన ఉపాయం ఐడిల్-పీసీ. ఐఓఎస్ ఖాళీగా తిరుగుతున్న చోటు మెమరీలో ఏ చిరునామాలో ఉందో కనిపెట్టి, అది అక్కడికి చేరినప్పుడల్లా డైనమిప్స్ కాసేపు కునుకు తీస్తుంది. ఏ చిరునామా అన్నది మాత్రం ఇమేజ్ ఇమేజ్‌కీ మారుతుంది. జీఎన్ఎస్3ని అడిగితే కొన్ని అంకెలు వరసగా ఇచ్చి, పనికొచ్చేలా ఉన్నవాటి పక్కన చుక్క గుర్తు పెడుతుంది. ఒక్కొక్కటీ వేసి చూడటమే. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, సరైన అంకె తగిలి టాస్క్ మేనేజర్‌లో గీత ఒక్కసారిగా కిందికి జారి, ఫ్యాన్ శబ్దం అణగారిపోయినప్పుడు కుర్రాళ్ల మొహాలు చూడాలి. సర్టిఫికెట్ వచ్చినప్పుడు కూడా అంత వెలుగు నేను చూడలేదు.

ఇలాంటిదే ఇంకోటుంది, ఘోస్ట్ ఐఓఎస్ అని. పది రౌటర్లు ఒకే ఇమేజ్‌తో నడుస్తుంటే ఆ ఇమేజ్‌కి మెమరీలో పది కాపీలెందుకు, ఒక్కటి ఉంచి అందరికీ అదే చూపిస్తే పోలేదా అన్న ఆలోచన. నాలుగు జీబీ ర్యామున్న ల్యాప్‌టాపుల్లో ఒక మోస్తరు కంపెనీ నెట్‌వర్క్ మొత్తం ఇమిడిందంటే ఆ పుణ్యం కొంత దీనిది.

డైనమిప్స్ రాకముందు ఈ చదువు సంగతి మా వయసు వాళ్లకి తెలుసు. సిస్కో సర్టిఫికెట్లు సీసీఎన్ఏ అన్నా, సీసీఎన్‌పీ అన్నా హైదరాబాదు రైలెక్కి అమీర్‌పేటలో దిగాల్సిందే. మైత్రివనం చుట్టుపక్కల హాస్టల్లో మంచం, జిరాక్స్ మెటీరియల్, ర్యాక్ మీద వంతులవారీగా దొరికే టైము. నిజం రౌటర్లే, కాదనను. కానీ ముందు బ్యాచ్‌వాడు పెట్టిపోయిన పాస్‌వర్డ్ తీసెయ్యడానికే మన వంతులో సగం సరిపోయేది. ఇంటిదగ్గర డబ్బున్నవాడికే వచ్చే విద్య అది. రేపల్లెలో తండ్రి వలలమీద బతుకుతున్న పిల్లాడో, బాపట్లలో అమ్మ కుట్టుమిషన్‌తో సంసారం నెట్టుకొస్తున్న అమ్మాయో సొంతంగా రౌటర్లు కొనుక్కుని నేర్చుకోవడమనేది ఊహకి కూడా అందే మాట కాదు.

‘నిజం రౌటర్ ముట్టుకోనివాడు ఇంజినీరెలా అవుతాడండీ’ అని ఇప్పటికీ మొహం చిట్లించే పెద్దలున్నారు. వాళ్లకి ఒక్క మాట. సీసీఐఈ అంటే ఈ రంగంలో అందరూ గౌరవించే పరీక్ష. దాని రౌటింగ్ అండ్ స్విచింగ్ ల్యాబ్‌ని 2014లో వచ్చిన ఐదో వెర్షన్‌తో సిస్కోనే పూర్తిగా వర్చువల్ చేసేసింది. బెంగుళూరు దాకా వెళ్లి పరీక్ష రాసినవాడు కూడా అక్కడ ముట్టుకున్నది కీబోర్డునే.

ఇక ఇమేజ్ ఎక్కడిదన్న ప్రశ్న. దీన్ని అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఐఓఎస్ సిస్కో సొత్తు. ఆ పెట్టె కొన్నవాడికి ఆ పెట్టెలో నడుపుకోమని ఇచ్చేది. మనవాళ్ల చేతుల్లోకి మాత్రం అది పెన్‌డ్రైవుల మీదుగా వచ్చింది. సీనియర్ జూనియర్‌కి ఇచ్చాడు, జూనియర్ తమ్ముడికి ఇచ్చాడు. సిస్కో లోపల తమ ఇంజినీర్ల కోసం రాసుకున్న ఐఓయూ కూడా ఎలాగో బయటపడి, లైసెన్స్ ఫైలు తయారుచేసే చిట్కాతో సహా ఊళ్లు తిరిగింది. తప్పా అంటే తప్పే. కానీ ఆ రోజుల్లో నేర్చుకుందామన్నవాడికి వేరే తలుపు లేదు. ఆ మాటకొస్తే కంపెనీ పుట్టుక కూడా అంత తేటగా లేదు. 1984లో సిస్కో పెట్టిన లియొనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ ఇద్దరూ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉద్యోగులు. వాళ్ల తొలి రౌటర్లలో నడిచిన సాఫ్ట్‌వేర్‌కి మూలం అక్కడ విలియం యేగర్ రాసిన కోడ్. పెద్ద రభసే అయింది. బోసాక్ 1986లో విశ్వవిద్యాలయం కొలువు వదిలాడు. 1987లో స్టాన్‌ఫర్డ్ ఆ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ రాసిచ్చాక గొడవ చల్లబడింది.

ఇది చెప్పింది పెన్‌డ్రైవుని వెనకేసుకు రావడానికి కాదు. ఇవాళ ఆ సాకు చెల్లదు. సిస్కో తన వర్చువల్ ల్యాబ్ సీఎంఎల్‌లో ఇమేజులు తానే కలిపి అమ్ముతోంది, ఐదు నోడ్ల దాకా ఉచితంగానూ ఇస్తోంది. మైక్రోటిక్ తన సీహెచ్‌ఆర్ ఇమేజ్‌ని డబ్బు లేకుండానే ఇస్తుంది. పోర్టుకి సెకనుకి ఒక మెగాబిట్ దాటనివ్వదంతే. నేర్చుకునేవాడికి అంతకన్నా వేగం ఎందుకు? నోకియా ఎస్ఆర్ లినక్స్ కంటైనర్‌గా దొరుకుతుంది. జపాన్‌లో కునిహిరో ఇషిగురో మొదలుపెట్టిన రౌటింగ్ సాఫ్ట్‌వేర్ జీబ్రా, దాన్నుంచి క్వాగా, దాన్నుంచి 2017లో విడిపోయిన ఎఫ్ఆర్ఆర్... అది పూర్తిగా ఓపెన్ సోర్స్, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నట్టు, కోస్తా ఊళ్లలో చిన్న చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్ల గదుల్లో తొంగిచూస్తే చాలాచోట్ల ఉన్నది మైక్రోటిక్కే. అంటే మన పిల్లలకి మొదటి జీతమిచ్చే పెట్టెకి ఇమేజ్ దొంగతనంగా తేవాల్సిన అవసరమే లేదు. అయినా నూటికి తొంభైమంది పాత 7200 ఇమేజ్ కోసమే వెతుకుతారు. ఇంటర్వ్యూల్లో సిస్కో ఆదేశాలే అడుగుతారని భయం. ఆ భయం పూర్తిగా ఉత్తది కూడా కాదు.

కొత్త ఇమేజుల ఆకలి వేరే కథ. సిస్కో క్యాటలిస్ట్ 9000వి స్విచ్ ఇమేజ్ ఒక్కటే 18 జీబీ ర్యామ్ అడుగుతుంది. ఘోస్ట్ ఐఓఎస్‌తో నాలుగు జీబీలో పది రౌటర్లు సర్దుకున్న రోజులు చూసినవాళ్లకి ఇది నవ్వూ తెప్పిస్తుంది, ఒళ్లూ మండిస్తుంది. కలిగినవాడి చేతిలోకి ఈ విద్య మళ్లీ జారిపోకుండా ఆపుతున్నవి ఇప్పుడు ఆ తేలికపాటి కంటైనర్లే.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది తీగ గురించి. ల్యాబ్‌లో రౌటర్ నిజమని ఇందాకటినుంచి వాదిస్తున్నాను. తీగ మాత్రం పచ్చి అబద్ధం. దాని పొడవు సున్నా. దానికి ఎలక పళ్లు తగలవు. లారీ ఎత్తు ఎక్కువై దాన్ని తెంపుకుపోదు. ఇంటికి వచ్చే ఫైబర్‌లో వెలుగు మైనస్ 27 డీబీఎం దాటి సన్నగిల్లితే లైను ఊగిసలాడటం మొదలవుతుంది. ల్యాబ్ తీగ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, సగం చచ్చి సగం బతకడం దానంతట దానికి తెలియదు.

పోనీ చావైనా తిన్నగా చస్తుందా? నేను పిల్లలకిచ్చే మొదటి పటంలో మూడే రౌటర్లు: తెనాలి, బాపట్ల, రేపల్లె. రైలు పటమే అది. బాపట్ల చెన్నై మెయిన్ లైను మీద ఉంది. రేపల్లె తెనాలి నుంచి చీలిపోయిన కొమ్మ చివర, ఆ పైన పట్టాలు లేవు. అందుకని రేపల్లె రౌటర్‌కి పెద్ద దారుల పట్టిక అక్కర్లేదు. ఎక్కడికి పోవాలన్నా తెనాలికి తోసెయ్యమంటే సరిపోతుంది. అది పనిచేశాక చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా పోయే రోడ్డు గుర్తుగా రేపల్లె, బాపట్లల మధ్య మూడో గీత గీసి, రౌటర్లు దారులు తామే తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతి పెట్టి, తెనాలిలో రేపల్లె వైపు పోర్టుని ‘షట్’ చెయ్యమంటాను. అప్పుడొస్తుంది తంటా. నిజం రౌటర్లు రెండింటి మధ్య ఒకే కేబుల్ ఉంటే, ఒక కొస చస్తే రెండో కొసకి ఆ క్షణమే తెలుస్తుంది, లైటు ఆరిపోతుంది. డైనమిప్స్‌లో తెనాలి పోర్టు ఆపినా రేపల్లె పోర్టు ‘అప్, అప్’ అనే చూపిస్తుంది. పొరుగువాడి పలకరింపు పది సెకన్లకోసారి రావాలి. 40 సెకన్లు చూసి, రాకపోతే అప్పుడు పోయాడని తేల్చుకుని కొత్త దారి పడుతుంది. ఇది చూసిన కుర్రాడు ‘ఓఎస్‌పీఎఫ్ చాలా స్లో మాస్టారూ’ అని నోట్సులో రాసుకుంటాడు. ఓఎస్‌పీఎఫ్ నత్తనడక ఏమీ కాదురా అబ్బాయ్, నీ తీగ చచ్చిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు అంటాను.

చిత్రమేమిటంటే, మన వీధుల్లో చాలా లైన్లు రౌటర్ నుంచి రౌటర్‌కి తిన్నగా పోవు. మధ్యలో చవకరకం మీడియా కన్వర్టర్లో, స్విచ్చో ఉంటాయి. అక్కడా అంతే, అవతల ఫైబర్ తెగినా ఇవతల లైటు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ ల్యాబ్ పొరపాటున నిజం చెప్పేసింది.

పటంలో మూడో గీత కూడా ఆశ తప్ప మరొకటి కాదు. రేపల్లెలో ఒక కంపెనీ నెట్, బాపట్లలో ఇంకో కంపెనీ నెట్ ఉంటే, ఇద్దరు పక్కపక్క ఊళ్లవాళ్లు పంపుకునే ప్యాకెట్ తరచు హైదరాబాదో, చెన్నయో వెళ్లి తిరిగొస్తుంది. చెరుకుపల్లి మొహం అది ఎన్నడూ చూడదు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మధ్యాహ్నంవేళ, గంటకి 90, 100 కిలోమీటర్ల గాలి. ఆ తర్వాత ఒక ఆదివారం రేపల్లె వైపు కేబుల్ నెట్ నడిపే ఒకాయన పటం చూసి నవ్వాడు.

‘మాకూ రెండు లైన్లున్నాయ్ సార్. ఒకటి తెగితే ఇంకోటి.’

‘రెండోది ఏ దారిన వేశారు?’

‘అవే స్తంభాలమీద సార్. ఇంకెక్కడ వేస్తాం?’

ఆయన్ని తప్పుపట్టలేం. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ తీగలు కూడా కరెంటు స్తంభాల మీదుగానే ఇంటింటికీ వెళ్లాయి. నేల తవ్వి పైపులేసే ఖర్చు లేదు గనకే అంత చవగ్గా ఇవ్వగలిగారు. ల్యాబ్ పటంలో ఎడమ నుంచి ఒక గీత, కుడి నుంచి ఒక గీత, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. రోడ్డుమీద ఆ రెండు గీతలూ ఒకే కాంక్రీటు స్తంభానికి ఒకే ఇనపతీగతో కట్టేసి ఉంటాయి. దానికి ఏ కంపెనీ ఇమేజ్ ఇవ్వదు.

ఈ మాటలు వింటున్న కుర్రాడొకడు పటం తెరిచి, మధ్యలో ఒక ఉత్త స్విచ్ పెట్టి, రేపల్లె నుంచి వచ్చే రెండు గీతల్నీ రెండు వీలాన్లుగా దాంట్లోంచి పోనిచ్చి, దానికి ‘పోల్’ అని పేరు పెట్టాడు. ఆ స్విచ్‌ని పటంలోంచి తీసేశాడు. 40 సెకన్లు అంతా బాగానే ఉన్నట్టు నటించి, తర్వాత రెండు దారులూ ఒకేసారి పట్టికలోంచి ఎగిరిపోయాయి. కేబులాయన ‘అదీ, అచ్చం అట్టాగే అయింది’ అన్నాడు.

‘అయితే మాస్టారూ, ఆ స్తంభం పడితే కరెంటు కూడా పోతుంది గదా. రేపల్లె రౌటర్ కూడా ఆపాలి గదా?’

ఆపాడు. కేబులాయన ఒప్పుకోలేదు, తనకి ఇన్వర్టర్ ఉందన్నాడు. ఎన్ని గంటలొస్తుందని కుర్రాడు, బ్యాటరీ కొత్తదని ఆయన. స్తంభం నిలబెట్టేసరికి రెండ్రోజులైతేనో అని వీడు. ఆ వాదన తెగకముందే రేపల్లె బండి టైమైందని ఇద్దరూ లేచారు.